వాళ్ళ గేర్‌బాక్స్‌తో వాళ్ళమీదే

"మీరేమన్నా అనండి ఆంటీ, పోటీ అనేది మనిషిని మనిషికి శత్రువుగా తయారుచేసే యంత్రం. అందులోనూ కార్ల రేసు. అక్కడ మంచితనానికి చోటెక్కడుంది?"

ఆఁ, మొదలెట్టావ్. ఈ మాటలన్నీ ఏ పుస్తకంలోవి ప్రణవ్? మా బేస్‌మెంట్‌లో అద్దెకి దిగిన దగ్గర్నించీ చూస్తున్నాను, కాఫీ తాగుతూ కూడా నీకు నినాదాలే. తప్పుగా అనుకోకు నాయనా, నాకిష్టమే. ఈ వయసులో కోపం రాకపోతే ఇంకెప్పుడొస్తుంది. కానీ కార్ల రేసు గురించి మాత్రం నాతో మాట్లాడకు. మాట్లాడకు అంటే, మాట్లాడుదువుగానీ, ముందు నేను చెప్పేది విను. ఆ ఫోన్ ఇటు జరుపు, డిష్‌వాషర్ చప్పుడులో నా గొంతు పడదు. రికార్డవుతోందా? సరే.

నేను రేడియాలజిస్టుగా చేశానని తెలుసుగా నీకు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ చీకటి గదిలో కూచుని ఎక్స్‌రేలు చూడ్డమే. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? స్పాటర్‌ని. నవ్వకు. రేస్ ట్రాక్‌లో గ్రాండ్‌స్టాండ్ పైన, కప్పు మీద, రేకుల అరుగు లాంటిది ఒకటుంటుంది. ఒక్కో కారుకి ఒక్కో మనిషి అక్కడ హెడ్‌ఫోన్ తగిలించుకుని నిలబడతాడు. కింద కారు తోలేవాళ్ళకి హెల్మెట్టూ, మెడకి పట్టీలూ, తల తిప్పడానికుండదు, పక్కన ఎవరొచ్చారో తెలీదు. పైనుంచి మనం చూసి రేడియోలో చెప్పాలి. లోపల ఉన్నాడు, బయట ఉన్నాడు, పోయాడు, నువ్వు రావచ్చు, అలా. ట్రాక్ గుండ్రం కదా, లోపల అంటే మధ్య గడ్డి వైపు, బయట అంటే గోడ వైపు. మనం చెప్పిందే వాళ్ళకి కళ్ళు. ఎందుకు ఏమిటి అని అడిగే టైముండదు. చెప్పగానే చేసెయ్యడమే. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఎవరికి స్పాటర్‌ని అంటావా? మా మేఘనకి. నా కూతురి కూతురు. ఆ పిల్లకి ఈ పిచ్చి వాళ్ళ తాతయ్య నించి వచ్చింది. మీ అంకుల్ ఉన్నన్నాళ్ళూ శనివారమొస్తే చాలు ట్రాక్ దగ్గరే. మేం కొత్తగా అరోరా వచ్చినప్పుడు ఇక్కడేమున్నాయి, గుడి లేదు, ఇండియన్ స్టోర్ లేదు, కరివేపాకు కావాలంటే చికాగో వెళ్ళాలి. గ్యాస్ మాత్రం చవక, గాలన్ డాలర్ కూడా ఉండేది కాదు. అలా ఊరికే పడమరకి డ్రైవ్ చేసుకుంటూ పోయేవాళ్ళం. ఇళ్ళన్నీ అయిపోయి మొక్కజొన్న మొదలవుతుంది చూడు, ఆ చేల మధ్య ఉంది ఆ ట్రాక్. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కార్లోంచి దిగనే లేదు, ఆ చప్పుడేంటి, ఆ పొగేంటి అని. మా అత్తగారు మాత్రం దిగారు. మడి కట్టుకునే మనిషి, చెవుల్లో దూది పెట్టుకుని ఆఖరిదాకా చూసి, ఆ ఎర్ర కారు వాడికి అన్యాయం చేశారే అన్నారు. సరే, ఆవిడ సంగతి మళ్ళీ ఇంకోటి, ఎక్కడున్నాను?

ఆ, మేఘన. పదహారేళ్ళకే పాత స్టాక్ కారు ఒకటి కొనిపించుకుంది వాళ్ళ నాన్న చేత. స్టాక్ కారంటే చూడ్డానికి మామూలు కారు లాగే ఉంటుంది కానీ తలుపులు తెరుచుకోవు, కిటికీలోంచి లోపలికి దూరాలి. లోపల ఒక్క సీటూ, చుట్టూ ఇనప గొట్టాలూ, అంతే. అల్లుడు ఈ దేశంలోనే, పార్సిప్పనీలో పుట్టి పెరిగినవాడు, కంప్యూటర్లు తప్ప ఏమీ తెలీదు, వాడు కూడా రెంచీ పట్టుకుని కార్ల కింద దూరడం నేర్చుకున్నాడు. నన్నెందుకు స్పాటర్‌ని చేశారంటే, ఒకటి నా కళ్ళు. ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత పట్టుకునేదాన్ని. రెండోది తెలుగు. ట్రాక్‌లో ఎవరి రేడియో అయినా ఎవరైనా వినొచ్చు, దానికి మిషన్లమ్ముతారు. మేం తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికేం అర్థమవుతుంది? మేఘన తెలుగు నీకు తెలుసుగా, 'అమ్మమ్మా, నాకు ఇంజిన్ మంచి వినపడట్లేదు' అంటుంది. అయినా సరిపోయేది.

ఇక రస్. పైన రేకుల మీద నా పక్కన నిలబడేవాడు. మొక్కజొన్న రైతు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నేమో. అతనికి లేటుగా పుట్టిన కొడుకు కోడీ, మేఘన ఈడువాడే, మాకు అసలైన పోటీ. ఎవరి చోటు వాళ్ళదే అక్కడ, మారడానికి లేదు, కాబట్టి ప్రతి శనివారం మా భుజాలు ఆనుకునే ఉండేవి. డాక్టర్ని కదా, నన్ను డాక్ అని పిలిచేవాడు. అతను పొద్దుతిరుగుడు గింజలు తెచ్చేవాడు, నేను కారప్పూస తీసుకెళ్ళేదాన్ని. మొదట్లో కారం అని ముక్కు ఎగబీల్చి, తర్వాత డబ్బా తెరవకముందే చెయ్యి చాచేవాడు. పోటీలో ఉన్నా స్పాటర్లకి ఒక పద్ధతుంది. మా వాడు లోపల్నించి వస్తున్నాడు అని మోచేత్తో తడతాడు, నేను మేఘనకి చెప్తాను, చోటివ్వు అని. లేకపోతే ఇద్దరూ పోయి గోడకి గుద్దుకుంటారు. అలాగని జాలి ఉంటుందనుకునేవు. కోడీ మా కారు వెనక బంపర్ ఎన్నిసార్లు పొడిచాడో, మేఘన వాణ్ణి ఎన్నిసార్లు గడ్డిలోకి నెట్టిందో. కిందికి దిగాక రస్సూ నేనూ దాని మీద పోట్లాడుకునేవాళ్ళం కూడా. నీ మనవరాలు కారు తోలట్లేదు డాక్, బుల్‌డోజర్ తోలుతోంది అనేవాడు. మీ వాడికి అద్దాలు చూసుకోడం నేర్పు అనేదాన్ని.

రస్ కూడా కుర్రతనంలో అదే ట్రాక్‌లో తోలాడు. ఒక్క సీజన్ కూడా గెలవలేదు. ఎప్పుడూ రెండోవాడే. ఆ సంగతి అతనెప్పుడూ చెప్పలేదు, వాళ్ళావిడ చెప్పింది. కొడుకన్నా గెలవాలని అతనికి ఎంత ఉంటుందో నువ్వే చెప్పు.

సరే, ఆ రోజు. మొన్న అక్టోబర్ కాదు, అంతకుముందు అక్టోబర్. సీజన్ ఆఖరి రేసు, చలి మొదలైందని ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. మేఘనా కోడీ పాయింట్లలో సమానం. ఇద్దరిలో ఆ రోజు ఎవరు ముందుంటే సీజన్ వాళ్ళది. పైగా మేఘనకి అదే ఆఖరిది. సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది, చలికాలంలో కాలిఫోర్నియా వెళ్ళిపోవాలి, కారు అమ్మేద్దామన్నాడు అల్లుడు. ఆ పిల్ల ముందురోజు అన్నం సరిగ్గా తినలేదు. నేనూ తినలేదులే.

పొద్దున ప్రాక్టీసుకి ట్రాక్ మీదికి వెళ్ళింది. రెండో రౌండో మూడో రౌండో, రేడియోలో 'అమ్మమ్మా' అంది. అంతే, ఇంకేం అనలేదు. కారు మెల్లిగా పక్కకి వచ్చి ఆగిపోయింది. గేర్‌బాక్స్ పోయింది. పోవడమంటే అలా ఇలా కాదు, కింద పెట్టి విప్పితే పళ్ళన్నీ విరిగి పొడి పొడిగా రాలాయి. మా దగ్గర ఇంకోటి లేదు. ఆదివారం, షాపులన్నీ మూత. మేఘన టైర్ మీద కూచుని గ్లవ్స్ తీసేసింది. ఏడవలేదు, అది ఏడవదు, కానీ ఆ గ్లవ్స్ మడత పెట్టి పక్కన పెట్టింది.

అప్పటికి మా షెడ్ చుట్టూ జనం. అక్కడ అంతే, ఎవరి కారు చెడిపోయినా అందరూ వచ్చి చూస్తారు. రస్ వచ్చాడు, వంగి చూశాడు, వెనక్కి వెళ్ళిపోయాడు. నేననుకున్నాను కదా, పాపం అతనికి మాత్రం లోపల సంతోషమే ఉంటుంది, ఉంటే తప్పేముంది, మేం ట్రాక్ మీదికి రాకపోతే కోడీ ఊరికే ఒక చుట్టు తిరిగొచ్చినా గెలిచినట్టే.

కాసేపటికి అటునించి కోడీ వస్తున్నాడు, చేతుల్లో ఏదో బరువు. వెనకాల రస్. వాళ్ళకి ఇంకో కారుంది, సెకండ్ కారు, ట్రైలర్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాని గేర్‌బాక్స్ ఊడదీసి తెచ్చారు. తెచ్చి కింద పెట్టి ఊరుకోలేదయ్యా, కోడీ మా కారు కిందికి దూరి పడుకున్నాడు. మా అల్లుడు ఒకవైపు, వాడు ఒకవైపు. రస్ పైనుంచి ఫ్లాష్‌లైట్ పడుతూ ఆ బోల్ట్ బిగించు, ఈ బోల్ట్ వదులు చెయ్యి అని తిడుతున్నాడు. కోడీ రేసు బట్టలన్నీ మా కారు నూనె. ఇంకో గంటలో వాడు ఈ పిల్లతోటే పోటీపడాలి. ఇది ఎక్కడన్నా ఉందా చెప్పు?

ఏంటీ? మినహాయింపా? వ్యవస్థా? అదుగో మళ్ళీ. వ్యవస్థ సంగతి నాకు తెలీదు నాయనా, నేను మనుషుల సంగతి చెప్తున్నాను. ఆ కాఫీ తాగు, చల్లారిపోతుంది. అసలు కథ ఇంకా రాలేదు.

రేసు మొదలైంది. వాళ్ళ గేర్‌బాక్స్ మా కారులో ఎంత బాగా పనిచేసిందంటే, మేఘన మొదటి సగంలోనే అందర్నీ దాటి ముందుకొచ్చేసింది. కోడీ వెనకే. మిగతావాళ్ళు ఎక్కడో ఉన్నారు. ఈ ఇద్దరే. ప్రతి మలుపులో వాడు లోపల్నించి ముక్కు దూరుస్తున్నాడు, ఇది తలుపేసినట్టు అడ్డం వస్తోంది. పక్కన రస్ గింజలు నమలడం మానేశాడు. నేను లోపల, లోపల, పోయాడు, మళ్ళీ లోపల అని చెప్తూనే ఉన్నాను, గొంతు బొంగురుపోయింది.

ఇంకా కాసిని రౌండ్లే ఉన్నాయనగా నాకు మొదలైంది. ఏమిటంటావా? మొహమాటం. మనకుండే రోగమే. రస్ వైపు చూశాను. కింద స్టాండ్స్‌లో వాళ్ళావిడ దుప్పటి కప్పుకుని లేచి నిలబడింది. నాకేమనిపించిందంటే, వాళ్ళ వస్తువు పెట్టుకుని వాళ్ళ పిల్లాణ్ణే ఓడిస్తామా? పక్కింటావిడ గిన్నెలో కూర పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వం కదా మనం. కాస్త పంచదారన్నా పోసి ఇస్తాం. అది మా అమ్మ నేర్పింది. ఇంత సాయం చేసినవాళ్ళకి నేనేం తిరిగిస్తున్నట్టు? ఈ పిల్లకి కాలిఫోర్నియాలో ఉద్యోగముంది, జీవితముంది, వాళ్ళకి ఇదేగా ఉన్నది. ఇదంతా ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య అనుకున్నానన్నమాట. నోట్లోంచి వచ్చేసింది.

"మేఘూ, వదిలెయ్యమ్మా. కోడీని పోనీ. వాళ్ళ గేర్‌బాక్స్ అది."

చెప్పానుగా, స్పాటర్ చెప్తే చేసెయ్యడమేనని. కారు మెల్లిగా పైకి జరిగింది, గోడ వైపు. కోడీ లోపల్నించి సర్రున దూసుకుపోయాడు. జనమంతా లేచారు. నాకు ఏదో పుణ్యం చేసినట్టు హాయిగా అనిపించింది, నీ మీద ఒట్టు.

రస్ ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పైకెత్తి నా వైపు తిరిగాడు. ఇన్నేళ్ళు నా పక్కన నిలబడ్డవాడికి నాలుగు తెలుగు ముక్కలు రావంటావా? లోపల, బయట, వదిలెయ్, అన్నీ వచ్చు. వెనకనించి బాగా వేగమైన కార్లు వచ్చినప్పుడు నేను వదిలెయ్ అనడం, మేఘన దారివ్వడం, ఎన్నిసార్లు విన్నాడో. మొహం ఎర్రగా అయిపోయింది. నామీద ఎన్నోసార్లు కోప్పడ్డాడు కానీ అలాంటి మొహం నేనెప్పుడూ చూడలేదు. ఇంగ్లీషులో అన్నాడు, మెల్లిగానే అన్నాడు.

"డాక్, నేను గేర్‌బాక్స్ ఇచ్చింది రేసు కోసం. గెలుపు కొనుక్కోడానికి కాదు."

నేనేదో అనబోయాను, మాకు అలవాటు, పద్ధతి అని. అతను వినలేదు. ఆ పిల్ల రాకపోతే నా కొడుకు ఎవర్ని ఓడించినట్టు అన్నాడు. అని అటు తిరిగి తన రేడియో నొక్కి కొడుక్కి చెప్పాడు. వాడికి ఇలా చెయ్యి అలా చెయ్యి అని ఏమీ చెప్పలేదు, నేను విన్నానుగా పక్కనే. "ఆమె నీకు దారిచ్చింది. నువ్వు దాటలేదు." అంతే.

అదే, అదే నీకు చెప్పాలనుకున్నది. ఒక రౌండ్ మామూలుగానే పోయింది. కోడీ ముందు, మేఘన వెనక. నాకైతే ఆ రౌండ్ అయ్యేలోపు ముసలితనం ఇంకాస్త వచ్చింది. తర్వాత వెనక వైపు తిన్నటి దారి ఉంటుంది చూడు, అక్కడ కోడీ కారు కిటికీకి కట్టే వల పక్కనించి గ్లవ్ వేసుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది. రమ్మన్నట్టు ఊపాడు. వేగం తగ్గించి, పైకి జరిగి, లోపలి దారి మొత్తం ఖాళీగా వదిలేశాడు. మైకులో అరిచేవాడికి అర్థంకాక, కోడీ కారుకేదో అయింది, టైర్ పోయినట్టుంది అంటున్నాడు. టైరూ లేదు గీరూ లేదు. మేఘన వచ్చి పక్కన చేరేదాకా ఆగాడు. రెండు కార్ల ముక్కులూ ఒక్క గీత మీదికి వచ్చేదాకా ఆగాడయ్యా. సీజన్ మొత్తం చేతిలో పెట్టుకుని.

నేను రేడియో నొక్కాను. మేఘూ, నేను చెప్పింది తప్పు, మర్చిపో, తొక్కు అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే అటుపక్క స్పాటర్ కూడా ఉలిక్కిపడ్డాడు. దానికి తిరిగి చెప్పే టైము కూడా లేదు, ఇంజిన్ అరుపే జవాబు.

ఇక అక్కణ్ణించి ఆఖరిదాకా ఇద్దరూ పక్కపక్కనే. ఇది లోపల, వాడు బయట. తలుపుకి తలుపు తగులుతోంది, నిప్పురవ్వలు. నేను "ఉన్నాడు, ఉన్నాడు, ఇంకా ఉన్నాడు" అంటున్నాను, పక్కన రస్ అదే మాట ఇంగ్లీషులో వాళ్ళ వాడికి చెప్తున్నాడు. ఇద్దరం ఒకే మాట, ఒకే గొంతుకతో, రెండు భాషల్లో. అతని మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉంది. ఆఖరి మలుపులో కోడీ అరడుగు ముందున్నాడు, నిజం, నా కళ్ళు అబద్ధం చెప్పవు. బయటికొచ్చేటప్పుడు మేఘన కారు కాస్త ముందుగా పట్టు దొరకబుచ్చుకుంది. గీత దగ్గర, ఎలా చెప్పను, ముందు చక్రం మీద రేకుంటుంది చూడు, ఆ రేకు సగం. అంత తేడా.

మేఘన గెలిచింది.

నేను గంతులేశాననుకుంటున్నావా? లేదు. పక్కన రస్ హెడ్‌ఫోన్ తీసి, రేకుల మీద కూలబడి, ట్రాక్‌కి వీపు పెట్టి మొక్కజొన్న చేల వైపు తిరిగాడు. దేవుడేం కాదు నాయనా, మనిషే. కళ్ళు తుడుచుకున్నాడు. నేను పక్కన కూచోబోతే, "కాసేపు నాతో మాట్లాడకు డాక్" అన్నాడు. నిలబడ్డాను. మిగతా స్పాటర్లందరూ దిగిపోయారు. క్షమించమని అడగబోయాను. నోరు తెరిచానో లేదో, "ఆ మాటన్నావంటే అప్పుడు నాకు నిజంగా కోపమొస్తుంది" అన్నాడు. ఇంకాసేపయ్యాక లేచి ప్యాంటు దులుపుకుని, "ఏం రేసు, అబ్బా, ఏం రేసు" అన్నాడు. తన కొడుకు ఓడిపోయిన రేసు గురించి. మెట్లు దిగేటప్పుడు నా మోకాళ్ళు చూసి చెయ్యి కూడా పట్టుకున్నాడు.

కిందికెళ్ళేసరికి కోడీ మా కారు కిటికీలో తలపెట్టి మేఘనని తిడుతున్నాడు. ఇంకోసారి నాకు దారిచ్చావంటే గోడకేసి కొడతాను అంటున్నాడు. అది ఇంకా హెల్మెట్ తియ్యలేదు, లోపల్నించే, నేనివ్వలేదు, మా అమ్మమ్మ ఇచ్చింది, ఆవిణ్ణి కొట్టుకో అంటోంది. ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలీలేదు. కప్పు ఇచ్చేచోట ఫోటోకి రమ్మంటే మేఘన వాణ్ణి మెడపట్టి లాక్కొచ్చింది. వాడు ఆ ఫోటోలో ఉన్నాడు, కానీ నవ్వలేదు, గుర్రుగా చూస్తున్నాడు. ఓడిపోయాడుగా మరి. నాకు ఆ గుర్రు చూపే నచ్చుతుంది. ఆ పిల్లని అంత లెక్కచేసినవాడు ఇంకొకడు లేడు.

మేఘన ఇప్పుడు సన్నీవేల్‌లో ఉందిగా. ఫోన్ చేసినప్పుడు చెప్తుంది, ఇక్కడందరూ చాలా నైస్ అమ్మమ్మా, ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు, నా పని బాగుందో లేదో మాత్రం ఎవరూ సూటిగా చెప్పరు అని. కోడీకి మాత్రం ప్రతి రేసు అయ్యాక వీడియో చూసి, మూడో మలుపులో నిద్రపోతున్నావా అని మెసేజ్ పెడుతుంది. వాడు దానికి ఎలా తిరిగి రాస్తాడో నీకు చెప్పకూడదు.

నిన్ను తగ్గించాలని చెప్పలేదు ప్రణవ్ ఇదంతా. నువ్వు కోప్పడేవి చాలావాటికి నేనూ కోప్పడతాను. కానీ ఆ యంత్రం అన్నావే, శత్రువులని తయారుచేసేదని, నేనా రేకుల మీద నిలబడి చూసింది అది కాదు. ఎలా చెప్పాలి... నీకు అలాంటివాడొకడు దొరకాలి నాయనా. నిన్ను ఓడించాలని ప్రాణం పెట్టేవాడు, నువ్వు రాలేకపోతే నీ బండి కింద దూరి బోల్టులు బిగించేవాడు, నువ్వు జాలిపడి దారిస్తే మాత్రం మొహం ఎర్రబడేవాడు. చదువులోనో, ఉద్యోగంలోనో, ఆ నీ ఊరేగింపుల్లోనో, ఎక్కడో ఒకచోట ఎదురవ్వాలి. నువ్వు కూడా ఇంకొకళ్ళకి అలాంటివాడివి కావాలి. చల్లగా ఉండి, గట్టిగా పోటీపడు. అంతకంటే పెద్ద దీవెన నా దగ్గర లేదు.